నాణెం ఎగరేసిన పల్లెలు: రిస్క్ తీసుకోవడంలో పేదోడికీ ఉన్నోడికీ తేడా ఎంత?

ఈ ఎపిసోడ్ రూమ్‌లో కూర్చుని చేసింది కాదు, బోనకల్‌లో రికార్డ్ చేశాం. ఖమ్మం జిల్లా, మధిరకి పక్కన, ఆంధ్రా బోర్డర్ దగ్గర. మధ్యమధ్యలో రైలు చప్పుడు వినిపిస్తుంది, అది కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే లైన్, ఎడిటింగ్‌లో తీయడం మా వల్ల కాలేదు. వెనకాల ఎర్రగా పరుచుకుని కనిపిస్తున్నది మిర్చి కల్లం. ఆ ఘాటుకి నేను మొదటి పావుగంట తుమ్ముతూనే ఉన్నాను.

ఈ కల్లం ఉన్న రైతుని కెమెరా ముందుకి రమ్మని అడిగాం. "నాకెందుకు బాబూ అదంతా, అడిగేదేదో అడుగు, చెప్తాను" అన్నారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. నేను బాబాయ్ అని పిలుస్తున్నాను, మీరూ అలాగే అనుకోండి. బాబాయ్‌కి ఈ వారం ఒకటే ఆలోచన. ఎండిన కాయ బస్తాలకెత్తి ఖమ్మం మార్కెట్‌కి తోలి, ఈ రోజు ఉన్న రేటుకి అమ్మేయాలా? లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు పెరిగేదాకా ఆగాలా?

అమ్మితే చేతికి డబ్బు వస్తుంది, అది ఖాయం. ఆగితే ఎక్కువ రావచ్చు. లేదా ఇంకా పడిపోవచ్చు, పైగా స్టోరేజీ కిరాయి, అప్పు మీద వడ్డీ.

ఇది బాబాయ్ ఒక్కడి ప్రశ్న కాదు. ఖాయంగా దొరికే తక్కువ మంచిదా, దొరుకుతుందో లేదో తెలియని ఎక్కువ మంచిదా? ప్రపంచంలో ఎంతోమంది సైకాలజిస్టులు, ఆర్థికవేత్తలు, మెదడు మీద పనిచేసే సైంటిస్టులు దశాబ్దాల పాటు బుర్ర బద్దలు కొట్టుకున్న ప్రశ్న ఇది. మనలో చాలామందికి తెలియని సంగతేంటంటే, దీని మీద ఇప్పటికీ యూనివర్సిటీల్లో పాఠంగా చెప్పుకునే ఒక ప్రయోగం మన తెలుగు పల్లెల్లోనే జరిగింది. బోనకల్‌లో కాదు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో. అక్కడికి వెళ్ళొచ్చి, మళ్ళీ ఈ కల్లం దగ్గరికి వద్దాం.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ అని ఒక సంస్థ ఉంది. 1972లో పెట్టారు. మెట్ట పంటల మీద, అంటే వాన మీద ఆధారపడే జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి వాటి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ. ఇందులో విత్తనాల సైంటిస్టులతో పాటు ఆర్థికవేత్తలు కూడా ఉండేవాళ్ళు. వాళ్ళు 1975లో ఒక పెద్ద పని మొదలుపెట్టారు. ఆరు ఊళ్ళు ఎంచుకున్నారు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, డోకూరు. మిగతా నాలుగు మహారాష్ట్రలో, షోలాపూర్, అకోలా జిల్లాల్లో. ఒక్కో ఊళ్ళో 40 ఇళ్ళు. భూమి లేని కూలీలు, చిన్న రైతులు, మధ్య రైతులు, పెద్ద రైతులు, అందరూ ఉండేలా చూసుకున్నారు. పరిశోధకులు ఆ ఊళ్ళలోనే కాపురం ఉండి, ఆ ఇళ్ళకి కొన్ని వారాలకోసారి వెళ్తూ ఏం కొన్నారు, ఏం అమ్మారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలికి వెళ్ళారు, అన్నీ రాసుకున్నారు.

అప్పట్లో ఒక మాట బాగా నడిచేది. హరిత విప్లవం వచ్చింది, కొత్త వంగడాలు వచ్చాయి, ఎరువులు వచ్చాయి. పెద్ద రైతు వెంటనే అందుకున్నాడు, చిన్న రైతు వెనకబడ్డాడు. ఎందుకు? "పేదోడికి ధైర్యం చాలదండీ, రిస్క్ తీసుకోడు" అనేవాళ్ళు. చదువుకున్నవాళ్ళూ అన్నారు, ఆఫీసర్లూ అన్నారు. ఇప్పటికీ అంటారు, మీరూ వినే ఉంటారు. మా ఇంట్లో కూడా ఈ మాట విన్నాను నేను. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పోగొట్టుకోవడానికి ఏమీ లేనోడు భయపడతాడు కదా అనిపిస్తుంది.

హాన్స్ బిన్స్‌వాంగర్ అని స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆర్థికవేత్త అప్పుడు ఇక్రిశాట్‌లో పనిచేస్తున్నారు. ఆయనకి ఈ మాట నిజమో కాదో చూడాలనిపించింది. మొదట అందరూ చేసే పనే చేశారు. ప్రశ్నలు అడిగించారు. "నీకు ఇలా వస్తే తీసుకుంటావా, అలా అయితే తీసుకుంటావా" అని. అది బెడిసికొట్టింది. అడిగేవాడు మారితే జవాబు మారిపోతోంది. తర్వాత నిజం డబ్బుతో చూసినప్పుడు ఈ జవాబులకీ వాటికీ పొంతనే లేదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. "నువ్వైతే ఏం చేస్తావ్?" అని అడిగితే మనిషి చెప్పేది ఒకటి, చేతిలో నిజం నోటు ఉన్నప్పుడు చేసేది ఇంకొకటి. ఇన్‌స్టా పోల్స్ చూసి జనం మనసు తెలిసిపోయిందనుకునే మనకి ఇది గుర్తుండాలి.

అందుకని ఆయన ఆట పెట్టారు. నాణెం ఎగరేసే ఆట.

ఆట ఎలా ఉంటుందో చెప్తాను, ఫోన్‌లో నోట్స్ తెరిచి మీ ఛాయిస్ రాసుకోండి. నాణెం ఎగరేస్తారు, బొమ్మ పడొచ్చు, బొరుసు పడొచ్చు. కానీ ఎగరేసే ముందే మీరు ఒక వరస ఎంచుకోవాలి. మొదటి వరస: ఏది పడ్డా 50 రూపాయలు. రెండోది: ఒక వైపు పడితే 45, ఇంకో వైపు పడితే 95. తర్వాతది 40 లేదా 120. తర్వాత 30 లేదా 150. ఆ తర్వాత 10 లేదా 190. చివరిది: 0 లేదా 200. మధ్యలో ఇంకో రెండు వరసలు కూడా ఉన్నాయి, గందరగోళం ఎందుకని వదిలేస్తున్నాను.

గమనించారా? కిందికి వెళ్తున్నకొద్దీ సగటున వచ్చేది పెరుగుతుంది. 50 దగ్గర మొదలై 70, 80, 90, చివరికి 100. కానీ అదృష్టం బాగోకపోతే చేతికి వచ్చేది తగ్గుతూ పోతుంది. చివరి వరసలో సున్నా. లెక్క ప్రకారం ఆఖరి రెండింటికీ సగటు సమానమే, 100. అంటే చివరి వరస ఎంచుకున్నవాడు లాభం కోసం కాదు, మజా కోసం ఎంచుకున్నట్టు.

రాసుకున్నారా? సరే.

వాళ్ళు నేరుగా 50 రూపాయల దగ్గర మొదలుపెట్టలేదు. ముందు ఇదే పట్టికని వందో వంతు చేసి ఆడించారు. ఖాయంగా వచ్చేది అర్ధ రూపాయి, చివరి వరసలో సున్నా లేదా 2 రూపాయలు. ఇది చాలాసార్లు ఆడించారు. తర్వాత 5 రూపాయల స్థాయి. తర్వాత 50. ఆటకీ ఆటకీ మధ్య రోజులు, కొన్నిసార్లు వారాలు. ఆలోచించుకోవడానికి టైమ్ ఇచ్చారు, ఇంట్లో మాట్లాడుకోమన్నారు. 500 స్థాయి మాత్రం ఊరికే అడిగారు, ఇవ్వలేదు. అప్పటికి వాళ్ళ చేతులు కూడా తడారిపోయి ఉంటాయి. నవ్వకండి, 50 రూపాయల ఆటలో సగటున వచ్చే డబ్బు మామూలు కూలీకి నెల సంపాదన కంటే ఎక్కువ. డబ్బంతా నిజం డబ్బే.

మీరే ఊహించుకోండి. జొన్న, ఆముదం పండే ఊరు. వాన పడితే పంట, లేకపోతే వలస. ఆ ఊళ్ళో ఒక రోజు ఒకరొచ్చి, నాణెం ఎగరేస్తాను, నెల జీతం నీది కావచ్చు అంటున్నారు.

ఏం జరిగింది?

అర్ధ రూపాయి ఆటలో జనం తలో దారీ పోయారు. కొందరు ఖాయమైన వరస, కొందరు మధ్యవి, చాలామంది చివరివి కూడా. పోతే పోయింది అర్ధ రూపాయే కదా. మొత్తం పెరుగుతున్నకొద్దీ ఈ చెదురుమదురు తగ్గిపోయింది. 50 రూపాయల దగ్గరికి వచ్చేసరికి ఎక్కువమంది మధ్య వరసల్లోకి చేరారు. అంతా ఖాయమే కావాలి అన్నవాళ్ళు తక్కువ. ఏదైతే అదైంది అన్నవాళ్ళు ఇంకా తక్కువ. కొంచెం రిస్క్, కొంచెం భద్రత.

అసలు షాక్ ఇది కాదు. ఎవరు ఏ వరస ఎంచుకున్నారు, వాళ్ళకి ఆస్తి ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తే, ఆస్తికీ ఎంపికకీ పెద్ద సంబంధమే కనిపించలేదు. భూమి లేని కూలీ, మోతుబరి, ఇద్దరూ దాదాపు ఒకేలా ఎంచుకున్నారు. పేదోడు ఎక్కువ పిరికివాడేం కాదు.

1980లో ఈ పేపర్ అమెరికా వ్యవసాయ ఆర్థికశాస్త్ర జర్నల్‌లో వచ్చింది. అందులో బిన్స్‌వాంగర్ చెప్పింది సూటిగా ఉంటుంది. రైతులు పెట్టే పెట్టుబడిలో తేడాలకి కారణం వాళ్ళ మనస్తత్వం అని చెప్పలేం, వాళ్ళ చుట్టూ ఉన్న పరిస్థితుల్లో వెతకాలి. అప్పు ఎవరికి దొరుకుతుంది, ఎంత వడ్డీకి దొరుకుతుంది, మార్కెట్ ఎవరికి అందుతుంది, సమాచారం ఎవరికి ముందు చేరుతుంది, వీటిల్లో. నా మాటల్లో చెప్తున్నాను, ఆయన వాక్యం ఇది కాదు. కానీ సారం ఇదే.

ఇంకో సంగతి కూడా ఆ ప్రయోగంలో బయటపడింది, నాకు మాత్రం ఇదే ఎక్కువ నచ్చింది. ముందు ఆటల్లో నాణెం ఎవరికి కలిసొచ్చిందో, వాళ్ళు తర్వాతి ఆటల్లో ఇంకాస్త రిస్క్ ఉన్న వరసకి జరిగారు. నాణేనికి జ్ఞాపకం ఉండదు. నిన్న బొమ్మ పడిందని ఈ రోజు బొమ్మ పడదు. ఆ సంగతి నాణేనికి తెలుసు, మనిషికి తెలియదు.

ఎందుకు తెలియదు? ఇక్కడ మనం పల్లె దాటి కాసేపు ల్యాబ్‌లోకి వెళ్ళాలి. చిత్రంగా ఇది కూడా స్విట్జర్లాండ్‌తో ముడిపడిన కథే.

వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అని ఒక సైంటిస్ట్. స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబూర్గ్‌లో ఏళ్ళ తరబడి కోతుల మెదడు మీద పనిచేశారు. మధ్య మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు ఉంటాయి. అవి ఎప్పుడు మోగుతాయో ఒక్కో కణం దగ్గర సన్నటి తీగ పెట్టి విన్నారు. కోతికి పండ్ల రసం చుక్క ఇస్తే ఆ కణాలు గట్టిగా మోగాయి. సంతోషం కణాలు దొరికాయి అనుకుంటాం కదా? కాదు. రసం ఇచ్చే ముందు ప్రతిసారీ ఒక లైట్ వెలిగించడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి కోతికి అర్థమైంది, లైట్ వెలిగితే రసం వస్తుందని. అప్పటి నుంచి కణాలు లైట్‌కి మోగడం మొదలుపెట్టాయి. రసం వచ్చినప్పుడు గమ్మున ఉన్నాయి. అదే రసం, అదే నాలుక.

ఇంకా ఉంది. లైట్ వెలిగించి రసం ఇవ్వకపోతే? సరిగ్గా రసం రావాల్సిన క్షణంలో ఆ కణాలు మామూలుగా చేసే చిన్న చప్పుడు కూడా ఆపేశాయి. రానిదాన్ని కూడా మెదడు లెక్క వేసింది.

1997లో షుల్ట్జ్, పీటర్ డయన్, రీడ్ మాంటేగ్ కలిసి రాసిన పేపర్ దీన్ని ఒక లెక్కలా చెప్పింది. ఆ కణాలు కొలిచేది వచ్చిన దాన్ని కాదు, అనుకున్న దానికీ వచ్చిన దానికీ మధ్య తేడాని. అనుకున్న దానికంటే ఎక్కువొస్తే పైకి, తక్కువొస్తే కిందికి, అనుకున్నంతే వస్తే ఏమీ లేదు. తర్వాత 2003లో షుల్ట్జ్ బృందమే ఇంకోటి చూసింది. రసం వస్తుందో రాదో సగం సగం అవకాశం ఉన్నప్పుడు, ఆ ఎదురుచూసే సమయంలో ఈ కణాల్లో కొన్ని నెమ్మదిగా వేడెక్కుతూ పోయాయి. ఖాయంగా వస్తుందని తెలిసినా, ఖాయంగా రాదని తెలిసినా అంత లేదు. సగం సగం. అంటే నాణెం గాల్లో ఉన్న క్షణం. దీని అర్థం ఏంటన్న దాని మీద సైంటిస్టుల మధ్య వాదనలు ఉన్నాయి, అందుకని నేను దీని మీద మేడలు కట్టను. కోతి మెదడు చూసి ఔరేపల్లె రైతు మనసు చదివేశాం అనడం కూడా తప్పే. కానీ మీ ఫోన్‌లో రమ్మీ యాప్, బెట్టింగ్ యాప్ తయారుచేసేవాళ్ళకి నాణెం గాల్లో ఉన్న క్షణం విలువ బాగా తెలుసు. 2017లో తెలంగాణ ఆన్‌లైన్ రమ్మీ మీద ఆర్డినెన్స్ తెచ్చింది, 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అది వేరే ఎపిసోడ్, చేస్తాం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బిన్స్‌వాంగర్ ఆటలో ఒకటి లేదు. గమనించారా? మళ్ళీ ఆ వరసలు చూడండి. ఎంత దురదృష్టం ఉన్నా సున్నా. సున్నా కంటే కిందికి లేదు. ఎవడి జేబులోంచీ రూపాయి పోదు. అది కావాలనే అలా పెట్టారు. పేదవాళ్ళ దగ్గర డబ్బు పోగొట్టించే ఆట ఆడించడం తప్పు కదా, ఒప్పుకోవాల్సిన కారణమే. కానీ మిర్చికి సున్నా దగ్గర గోడ లేదు. ఎకరానికి లక్షకి పైన పెట్టుబడి పెట్టాక, కౌలు కట్టాక, మందులు కొట్టాక, కోత కూలీలు ఇచ్చాక, రేటు పడిపోతే చేతికి సున్నా రాదు. అప్పు వస్తుంది.

సున్నాకి కింద మనిషి ఎలా ఆలోచిస్తాడో అదే రోజుల్లో ఇంకో ఇద్దరు చూశారు. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ. ఇజ్రాయెల్ సైకాలజిస్టులు. 1979 నాటి వాళ్ళ పేపర్‌లో ఒక జత ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి: ఖాయంగా 3,000 కావాలా, లేక 4,000 వచ్చే అవకాశం నూటికి 80 పాళ్ళు, ఏమీ రాని అవకాశం 20 పాళ్ళు, అది కావాలా? నూటికి 80 మంది ఖాయమైన 3,000 అన్నారు. ఇప్పుడు అదే ప్రశ్నని తిరగేశారు. ఖాయంగా 3,000 పోతుంది, ఒప్పుకుంటావా? లేక 4,000 పోయే అవకాశం నూటికి 80, ఏమీ పోని అవకాశం 20, దానికి సై అంటావా? ఈసారి నూటికి 92 మంది జూదానికే సై అన్నారు. లాభంలో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండే మనిషే నష్టంలో పడగానే తెగిస్తాడు. కింద ఒక గీత ఉంటుంది, ఆ గీతకి పైనున్నామా కిందున్నామా అన్నదాన్ని బట్టి మనిషి మారిపోతాడు. పోగొట్టుకున్న బాధ అంతే వచ్చిన సంతోషం కంటే దాదాపు రెండింతలు ఉంటుందని కూడా వాళ్ళు తర్వాత లెక్కగట్టారు, 1992లో, 2.25 రెట్లు అని. కానెమన్‌కి 2002లో నోబెల్ ఇచ్చారు. ట్వెర్‌స్కీ 1996లోనే చనిపోయారు.

దీన్ని మెదడులో చూసినవాళ్ళు కూడా ఉన్నారు. 2007లో లాస్ ఏంజెలిస్‌లో సబ్రీనా టామ్, రస్సెల్ పోల్డ్రాక్ వాళ్ళు స్కానర్‌లో మనుషుల్ని పడుకోబెట్టి సగం సగం పందేలు చూపించారు. ఇంత రావచ్చు, ఇంత పోవచ్చు, ఒప్పుకుంటావా అని. ఇక్కడ వాళ్ళు ఒక తెలివైన పని చేశారు. వాళ్ళకి 30 డాలర్లు ఇచ్చారు, కానీ వారం ముందే. వారం తర్వాత అది "ఇచ్చిన డబ్బు"లా కాకుండా "నా డబ్బు"లా అనిపించాలని. రాబడి పెరిగినప్పుడు మెదడులో కొన్ని చోట్ల పని పెరిగింది. పోయేది పెరిగినప్పుడు సరిగ్గా అవే చోట్ల పని తగ్గింది, అదీ ఎక్కువ వేగంగా తగ్గింది. ఎవరి మెదడులో ఈ తగ్గుదల ఎక్కువగా కనిపించిందో, వాళ్ళే ఎక్కువ పందేలు వద్దన్నారు.

సరే, ఇప్పుడు గీత సంగతి. మిర్చి రైతుకి ఆ గీత ఎక్కడుంటుంది?

ఖమ్మం మార్కెట్ చూసినవాళ్ళకి జెండా పాట తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. పొద్దున్నే మంచి సరుకు ఒకదాని దగ్గర వ్యాపారులు పాడతారు. అక్కడ పలికిన పై రేటే ఆ రోజు జెండా పాట. మైకులో వస్తుంది, వాట్సాప్‌లో వస్తుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. ఉదాహరణకి జెండా పాట 14 వేలు అనుకుందాం. బాబాయ్ సరుకు దగ్గరికి వచ్చేసరికి తేమ ఉందని, తాలు ఉందని, రంగు తగ్గిందని 12 వేలు అంటారు, ఇంకా తక్కువా అంటారు. జెండా పాట ఒకటి రెండు లాట్లకే, మిగతా యార్డుకి కాదు అని రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు చెప్పండి, బాబాయ్‌కి 12 వేలు వచ్చినట్టా, 2 వేలు పోయినట్టా? లైట్ వెలిగింది, రసం రాలేదు.

జెండా పాట ఒక గీత. పోయినేడాది రేటు ఇంకో గీత. పక్కింటోడు మొన్న అమ్మిన రేటు మూడో గీత. వీటన్నింటికీ కింద అసలైన గీత ఒకటుంది, పెట్టుబడి ప్లస్ వడ్డీ. దాని గురించి మైకులో ఎవరూ చెప్పరు.

2017 ఏప్రిల్ 28 గుర్తుందా? మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. ముందు ఏడాది క్వింటాలు 10 వేలు దాటి పలికిన మిర్చి. ఆ రేటు చూసి ఆ ఏడు జనం ఎగబడి వేశారు. పంట విరగకాసింది. ఏప్రిల్‌లో ఖమ్మం యార్డు మిర్చితో నిండిపోయింది, రేటు మూడు నాలుగు వేల దగ్గరికి పడిపోయింది. ఆ శుక్రవారం రైతుల కోపం కట్టలు తెంచుకుంది. మార్కెట్ ఆఫీసు ధ్వంసమైంది, కాగితాలు, ఫర్నిచర్ తగలబడ్డాయి. మే మొదట్లో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 5,000, ఖర్చులకి ఇంకో 1,250 ప్రకటించింది. అదే నెలలో, ఆ కేసులో అరెస్టయిన పది మంది రైతుల చేతులకి బేడీలు వేసి కోర్టుకి తీసుకెళ్ళారు. ఆ ఫోటో రాష్ట్రమంతా తిరిగింది.

ఆ ఏడాదే, మార్చిలో, డోపమైన్ పని మీద వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్, పీటర్ డయన్, రే డోలన్‌లకి పది లక్షల యూరోల బ్రెయిన్ ప్రైజ్ ప్రకటించారు. ఈ రెండింటికీ సంబంధం లేదు, నేను కలుపుతున్నాను అంతే. అనుకున్నది రాకపోతే మెదడులో ఏం జరుగుతుందో అక్కడ బహుమతి ఇచ్చి గుర్తించారు. ఇక్కడ బేడీలు వేశారు.

అయితే జాగ్రత్త. ఆ రోజు జరిగిందంతా డోపమైన్ అని చెప్పేస్తే, "పేదోడికి ధైర్యం చాలదు" అన్న పాత మాటకీ దీనికీ తేడా లేదు. అప్పుడు మనస్తత్వం అన్నారు, ఇప్పుడు మెదడు అంటాం. రెండింట్లోనూ తప్పు రైతు తలకాయలోనే వెతుకుతున్నాం. డోలో మందు వేసుకుంటే తగ్గే జ్వరం కాదిది.

అందుకే బాబాయ్‌ని నేను నేరుగా అడిగాను. "బాబాయ్, రేటు పెరుగుతుందని మీకు అనిపిస్తోందా?"

"అనిపిస్తే ఏంటి, అనిపించకపోతే ఏంటి బాబూ" అన్నారు. "పెట్టుబడి ఇచ్చినాయన ఆగడు కదా."

ఇదీ లెక్క. చాలామంది రైతులు విత్తనం దగ్గర నుంచే కమీషన్ వ్యాపారి దగ్గర, మందుల షాపు దగ్గర అప్పు తెస్తారు. పంట వాళ్ళ దగ్గరికే తోలాలి. మూడు నెలలు ఆగగల స్థోమత ఉన్నవాడికి "ఆగాలా వద్దా" అనేది ప్రశ్న. రేపు వడ్డీ పెరిగేవాడికి అది ప్రశ్నే కాదు. సైకాలజీ పుస్తకాల్లో "ఈ రోజు తక్కువా, రేపు ఎక్కువా" అనే ప్రయోగాలు బోలెడు ఉంటాయి, రేపటిదాకా ఆగలేనివాడికి ఓపిక లేదు అని తేలుస్తారు. జాన్ పెండర్ అనే ఆర్థికవేత్త మన దక్షిణాది పల్లెల్లోనే డబ్బు బదులు బియ్యంతో ఈ ప్రయోగం చేశారు, 1996లో పేపర్ వచ్చింది. ఇప్పుడు ఇన్ని బియ్యమా, నెలల తర్వాత అన్ని బియ్యమా అని. జనం భవిష్యత్తుని తగ్గించి చూసిన రేటు ఏడాదికి 26 శాతం నుంచి 69 శాతం దాకా వచ్చింది. చూడగానే ఓపిక లేని జనం అనిపిస్తుంది. ఊళ్ళో అప్పు వడ్డీ నూటికి రెండు, మూడు, అంటే ఏడాదికి 24, 36 శాతం ఉన్నచోట, ఆ లెక్క ఓపిక లేకపోవడమా, తెలివా?

బోనకల్‌కీ ఔరేపల్లెకీ తేడా కూడా ఇక్కడే. ఇక్కడ సాగర్ ఎడమ కాలువ నీళ్ళున్నాయి, ఈ ఊరి పేరుతోనే బ్రాంచ్ కెనాల్ ఉంది. మిర్చి లాంటి పంట వేయగలరు. అక్కడ వాన చూసుకుని జొన్న, ఆముదం. రెండు ఊళ్ళ మనుషులకీ అదే నాణెం ఇస్తే దాదాపు అదే వరస ఎంచుకుంటారని నా అనుమానం. కానీ పొలంలో ఎంచుకునే వరసలు వేరు, ఎందుకంటే ఒకరి పట్టికలో కాలువ ఉంది, ఇంకొకరి పట్టికలో లేదు. ఆ పట్టిక రైతు రాసుకున్నది కాదు.

మరి సున్నాకి కిందకి వెళ్ళినవాడు తెగిస్తాడు అన్నారుగా, దాని సంగతేంటి అని మీరు అడగొచ్చు. అది కూడా చూశాను. 2023లో క్వింటాలు 20 వేలు దాటింది కదా, అది చూసి కౌలుకి ఇంకో రెండెకరాలు పట్టినవాళ్ళు ఉన్నారు. తర్వాత రేటు బాగా పడింది. 2025 ఫిబ్రవరి నాటికి ఆంధ్రా వైపు మిర్చికి కేంద్రం 11,781 రూపాయల రేటు ప్రకటించాల్సి వచ్చింది. అలా నష్టంలో పడ్డాక, మొత్తం సరుకు స్టోరేజీలో పెట్టి, "వస్తే వచ్చింది, లేకపోతే పోయింది" అని కూర్చున్న ఒకాయన బాబాయ్‌కి తెలుసు. ఆయన గురించి బాబాయ్ ఎక్కువ చెప్పలేదు. "వాడు మంచోడే" అన్నారు, కాస్త ఆగి, "మొండోడు" అన్నారు. అమ్మితే నష్టం ఖాయమైపోతుంది. అమ్మనంతకాలం నాణెం గాల్లోనే ఉన్నట్టు. కానెమన్ ప్రశ్నలో 92 మందిలో ఒకడు ఆయన.

మేం సర్దుకుంటుంటే బాబాయ్ చిన్నకొడుకు వచ్చాడు. ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నాడు. ఫోన్‌లో ఆ రోజు జెండా పాట చూపించాడు. బాబాయ్ ఫోన్ వైపు చూడలేదు, కల్లం వైపు చూశారు.

"సగం తోలదాం రా రేపు" అన్నారు. "అప్పుకి అది పోతుంది. మిగతాది స్టోరేజీలో పెడదాం."

నేను జేబులోంచి బిన్స్‌వాంగర్ పట్టిక రాసుకున్న కాగితం తీసి చూపించాను. 30 లేదా 150, ఆ వరస మీద వేలు పెట్టి, "మీరు ఎంచుకున్నది ఇది బాబాయ్" అన్నాను. కాసేపు చూసి, నవ్వి, "ఇందులో వడ్డీ ఎక్కడ రాశారు?" అన్నారు.

మొదట్లో మీరు నోట్స్‌లో రాసుకున్న వరస ఏదో కామెంట్‌లో పెట్టండి. ఖాయమైన 50 ఎంచుకున్నవాళ్ళు మొహమాటపడకండి. మీ ఇంట్లో మిర్చి గానీ పత్తి గానీ పండిస్తుంటే, అదే పట్టిక అమ్మానాన్నలకి కూడా చూపించి, వాళ్ళు ఏ వరస అన్నారో రాయండి. అన్నీ లెక్కేసి వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటాను.